రైలు రాని స్టేషన్‌లో ప్లేగు దినాలు

గద్వాల దగ్గరి ఆ చిన్న స్టేషన్‌లో రైలు ఆగడం నేను చూడలేదు. కృష్ణ మీద వంతెన కట్టేటప్పుడు రాళ్లు మోయడానికి వేసిన లైనట అది. కొన్నాళ్లు మనుషుల్నీ ఎక్కించుకుంది. మా నాయన చీరల మూటతో ఎక్కాడు కూడా. వంతెన పూర్తయ్యాక దాని అవసరం తీరిపోయింది, పట్టాలు పీక్కుపోయారు. ఒక ప్లాట్‌ఫారం, రేకుల షెడ్డు, టికెట్ల గది మిగిలాయి. దయ్యాలున్నాయని అటు పగలు కూడా ఎవరూ పోయేవారు కాదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఊళ్లో ఎలుకలు చచ్చి పడసాగాయి. ఎలుక పడితే ఇల్లు వదలాలి, ప్లేగుకు మాకు తెలిసిన మందు అదొక్కటే. అందరూ చేలల్లో గుడిసెలు వేసుకుంటే, అమ్మా నాయనా నేనూ ఆ షెడ్డులో దిగాం. దయ్యాల భయం ఒక్క పూటలో ఎగిరిపోయింది. ఎలుక భయం ముందు దయ్యం ఎంత?

నాయన మాత్రం కుదురుగా లేడు. గుంట మగ్గం మీద సగం నేసిన చీర ఉండిపోయింది. పడుగుకు పెట్టిన గంజి కోసం ఎలుకలు దారాలు కొరికేస్తాయి. నేసేవాడికి తన ప్రాణం కన్నా పడుగే తీపి. మూడోనాడు చెప్పకుండా ఊళ్లోకి పోయి, పడుగు కోసి చుట్టి, పట్టు దారం చుట్టిన కండెలతో సహా మూటగట్టి తెచ్చాడు. ఎలుకలు తిరిగిన సామాను ముట్టుకుంటే రోగం అంటుతుందని ఆయనకు తెలియక కాదు.

అమ్మ వాకిట్లోనే ఆపింది.

"పిల్ల దిక్కు చూడు. పది దినాలు గా టికెట్ల గదిల్నే ఉండు. గడ్డ లేవకుంటే రా."

ఆయన మూటతో సహా టికెట్ల గదిలోకి పోయాడు. అమ్మ ప్లాట్‌ఫారం మీద సంకటి పెట్టి వెనక్కి వచ్చాక, వచ్చి తీసుకునేవాడు. రోజూ పొద్దున దూరం నుంచే చేతులెత్తి చంకల్లో గడ్డ లేదని చూపించేవాడు. అప్పుడు గాని మాకు ఊపిరి ఆడేది కాదు.

గదిలో చేరిన నాలుగోనాడు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే, టికెట్ల కిటికీలోంచి చెయ్యి పెట్టి మూటలోని ఎర్ర పట్టు కండె ఒకటి లాగాను. నా గుడ్డబొమ్మకు జడకుచ్చులు చేద్దామని. అమ్మా నేనూ పడుకునే బొంత కింద దాచాను. ఆ సాయంత్రమే భయం పట్టుకుంది. చెబితే అమ్మ చంపుతుంది, చెప్పకపోతే ప్లేగు చంపుతుంది. చాటుకు పోయి గడ్డ లేచిందేమోనని గజ్జలు తడుముకునేదాన్ని. నాకేమీ కాలేదు.

అమ్మకు జ్వరం వచ్చింది. గజ్జలో గడ్డ లేచింది. నాయన గది వదిలి పరిగెత్తుకొచ్చి ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాడు. దూరం పొమ్మనే ఓపిక కూడా ఆమెకు లేదు. రెండో రోజు పోయింది.

"నేనే తెస్తి, నేనే చంపితి" అని నాయన బతికినన్నాళ్లూ అన్నాడు. అన్నప్పుడల్లా కండె సంగతి చెప్పేద్దామని నోరు తెరిచేదాన్ని. భయమేసి మూసుకునేదాన్ని. ఆ నింద మోస్తూనే ఆయనా పోయాడు.