అత్త దాచిన వంకాయలు

డెబ్బైలలో కంబదూరులో మా మేనత్త ఇంట్లో పచ్చి వంకాయ కూర నేనెన్నడూ తినలేదు. వాన పడిన ఏడు పెరటి నిండా కాసినా, అత్త వాటిని చక్రాలుగా తరిగి, మిద్దె మీద ఎండేసి వరుగులు చేసేది. ఎండిన ముక్కను చెవి దగ్గర పెట్టుకుని విరిచేది. పట్‌మంటేనే కుండకెత్తేది.

"ఒక పూటన్నా పచ్చివి వండరాదా?" అని మామ అడిగేవాడు.

"ఇప్పుడే తినేస్తే కరువులో యాడినుంచి తెచ్చేది?"

కరువు రానే వచ్చింది. బావి ఎండింది. ఎడ్లను సంతకు తోలేశారు. మామ జబ్బుతో మంచం పట్టాడు. అత్త ధీమాగా కుండ దింపి మూత తీసింది. వరుగుల నిండా పురుగు. అయినా అలవాటు కొద్దీ ఒక ముక్కను చెవి దగ్గర విరవబోయింది. చప్పుడే లేకుండా అది వేళ్ళ మధ్య పొడైపోయింది.

"కాసినప్పుడు తిననీకపోతినే" అంది.

మరుసటి ఏడు వాన పడి వంకాయలు కాసేనాటికి మామ లేడు. అత్త మళ్ళీ కత్తిపీట ముందేసుకుంది.

"ఇప్పుడన్నా పచ్చివి వండుకో అత్తా" అన్నాను.

"ఆ మనిషికి పెట్టనివి నా గొంతు దిగుతాయా?"

వరుగులు మిద్దె మీద ఎండాయి. ఈసారి ఒక్క ముక్కను కూడా ఆమె చెవి దగ్గర పెట్టుకోలేదు.