అరువు పొద్దు

నేను చెప్పే మాటల్లో పావు వంతు కోసేసి వినాలని మా ఇంట్లో ఒక నియమం ఉంది. కాబట్టి చలికాలం పొద్దుటిపూట కోకాపేట మేడలు నేల వదిలేసి, మంచు మీద ఓడల్లా తేలుతూ గచ్చిబౌలి దాకా వచ్చి వెళ్ళేవని నేనంటే, మీరు గచ్చిబౌలిని కోసేయండి. తేలడం మటుకు ఉంచండి.

రాయదుర్గం మెట్రో పక్క సందులో ఒక చాయ్ బండి ఉంది. శనివారం పొద్దున ఆఫీసులు సగం నిద్రలో ఉన్నప్పుడు నేనూ, బాలానగర్‌లో పుట్టి పెరిగిన ఒక పెద్దమనిషీ అక్కడ కలిసేవాళ్ళం. నాకంటే కొంచెం పెద్ద. అన్నా అని పిలుస్తాను. ఉద్యోగాలు వేరే వేరే కంపెనీల్లో. ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి ఒక్కటే, ఒక పంచాంగం ప్రోగ్రాము. ఊరి పేరు కొడితే ఆ ఊళ్ళో ఆ రోజు పొద్దు ఎప్పుడు పొడుస్తుందో, ఏ తిథో చెబుతుంది. దాని కోడ్ అందరికీ తెరిచి పెట్టాం. ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, బాగుచేసి పంపొచ్చు అని పేజీ మొదట్లోనే రాశాం.

రాశాం గానీ, బయటివాళ్ళు పంపినది ఒక్కటైనా తీసుకున్న పాపాన పోలేదు. ఏ మార్పు వచ్చినా చాయ్ దగ్గర మాట్లాడుకునేవాళ్ళం. ఇద్దరూ ఒప్పుకుంటేనే లోపలికి. అన్న ఒప్పుకునేవాడు కాదు. పేజీ మీద ‘ఇప్పుడు వద్దు’ అన్న ముక్క పడేది. ఎందుకు వద్దో చాయ్ ఆవిరితో పాటే పోయేది.

ఆ డిసెంబరులో ఒక అమ్మాయి మార్పు పంపింది. భూమికి నెత్తిన, చలికాలమంతా వారాల తరబడి సూర్యుడే కనిపించని ఓడరేవు ఊళ్ళో ఆమెకు ఉద్యోగమట. ఆ ఊరి పేరు కొడితే మా ప్రోగ్రాము తిథి ఉండాల్సిన చోట ఖాళీ చూపిస్తోంది. మాది సూర్యోదయాన్ని పట్టుకుని నడిచే లెక్క. పొద్దే లేకపోతే రోజును ఎక్కడ మొదలుపెట్టాలో దానికి తోచలేదు. ఆమె పంపిన మార్పు చిన్నది: సూర్యుడు లేని ఊరు ఇంకో ఊరి సూర్యోదయాన్ని అరువు తెచ్చుకోవచ్చు. ఏ ఊరిదో మనిషి ఇష్టం.

అది చదివినప్పటి నుంచీ నాకు ఆ ఊరు కళ్ళు తెరిచి ఉండగానే కలలోకి వచ్చేది. పొద్దున్నే జనం గిన్నెలు పట్టుకుని వీధి చివర నిలబడి ఉంటారు. దక్షిణం వైపు నుంచి ఎవరో వచ్చి, గరిటెతో తలా కాస్త ఎండ పోసి వెళ్ళిపోతారు. ఇదంతా అన్నకు చెప్పాను.

“నీ కథలు జర పక్కకు పెట్టు,” అన్నాడు అన్న. “పొద్దే లేని ఊర్ల పంచాంగమేంది? తిథి తప్పు పడితే ఎవరి నెత్తిన పడ్తది? ఆమె ఎవరో ఏందో మనకు ఎర్కనే లేదు.”

“మనం మాత్రం ఎవరికి తెలుసండీ? మన పంచాంగం వాడేవాళ్ళు మన మొహాలు చూసి వాడుతున్నారా?”

“మనం దొరుకుతం. చాయ్ బండి కాడికొస్తే దొరుకుతం.”

యథాప్రకారం ‘ఇప్పుడు వద్దు’ పడింది. సాయంత్రానికి ఆమె జవాబు వచ్చింది: “ఎందుకు వద్దో చెప్తరా? నాన్న మొదటి సంవత్సరీకం ఈ నెలలనే ఉన్నది. నేనొక్కదాన్నే బిడ్డను. ఏ రోజు చెయ్యాల్నో తెల్వక పరేషాన్ అయితున్న.”

మరుసటి శనివారం నేనొక కొంటె పని చేశాను. బండి దగ్గర అన్న మళ్ళీ పాత వాదనే ఎత్తుకోగానే ఫోను తీసి, ఆయన నోటివెంట వచ్చిన ప్రతి మాటనూ ఆ మార్పు కిందే, లోకమంతా చదివేలా, టైపు చేయడం మొదలుపెట్టాను.

“ఏం గీకుతున్నవ్?”

“మీరన్నదేనండీ. ఆమె కారణం అడిగింది కదా.”

“నువ్వు మనిషివేనా,” అంటూనే ఫోను మీదికి వంగాడు. అప్పటికే అవతలి నుంచి ఆమె రాస్తోంది: “పొద్దు లేని ఊర్ల పంచాంగమేంది అంటున్నరు. నిజమే. కానీ పొద్దు పొడవకున్నా నాన్న పోయిన తిథి వస్తది కదా అన్నా.”

అన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. పైన మంచులో మెట్రో రైలు ఆగి మరీ చదివి వెళ్ళిందని నా నమ్మకం. అన్న నా చేతిలోంచి ఫోను తీసుకుని, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ, తనే అడిగాడు.

“ఏ ఊరి పొద్దు తీసుకుంటవ్ బిడ్డా?”

“ప్రగతి నగర్. నాన్న అక్కడ్నే పోయిండు.”

“సూర్యోదయం ఒక్కటే తెచ్చినవ్. తద్దినానికి మధ్యాహ్నం దాటినంక ఏ తిథి ఉన్నదో చూస్తరు. పగలెంతనో తెలిస్తెనే అది తేలేది. అస్తమయం ఏది?”

“మర్చిపోయిన అన్నా.”

“అది గూడ తేవాలె. సగం పొద్దు తెస్తే తిథి తారుమారయితది.”

మేము రెండో చాయ్ తాగేలోగా ఆమె అస్తమయాన్ని కూడా తెచ్చి కలిపింది. ఇంటికి పోయి అన్న అచ్చు పంచాంగంతో సరిచూశాడు, అన్నీ కుదిరాయి. ఇద్దరం ఒప్పుకున్నాం. ఖాళీగా ఉన్న చోట తిథి పడింది. సంవత్సరీకం బుధవారం.

నేనుండేది కూడా ప్రగతి నగర్‌లోనే. బుధవారం పొద్దున చెరువు కట్ట మీదికి వెళ్ళి నిలబడ్డాను. నీళ్ళ మీద పొగలా మంచు లేస్తోంది. పొద్దు పొడిచింది, ఇంకో ఇంట్లో కూడా పని ఒప్పుకున్న మనిషిలా కాస్త తొందరలో ఉంది. ఇక్కడ వెలుతురు ఊడ్చినట్టు పరిచేసి, ఉత్తరం వైపు కొంగు బిగించింది.

ఆ శనివారం ఆమె రాయకముందే అన్న అడిగాడు. “కాకి ముట్టిందా?”

“కాకి రాలే అన్నా. శానసేపు చూసిన. ఇక్కడ మధ్యాహ్నం గూడ నీలం చీకటే. అన్నం తెచ్చి ఓడరేవు గోడ మీద పెట్టిన. తెల్లటి సముద్రపు పిట్ట ఒకటి ఎక్కణ్నుంచో వచ్చి, మొత్తం తిని పోయింది. చెల్లుతదా?”

అన్న ఆ మాటలు మళ్ళీ మొదట్నుంచి చదివాడు. బండి మీద పాలు పొంగి, చల్లారి, మళ్ళీ పొంగాయి. నేను ఏదో అనబోతే “ఊకో” అన్నాడు. తర్వాత మెల్లగా రాశాడు.

“బయటి పిట్టనే. అయితేంది బిడ్డా. నీ చేతి అన్నం తిన్నది. ముట్టినట్టే.”