ఒకే రోజున ఇచ్చిన పడవ కిరాయి

కొవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానాకాలం మధ్యలో, పశువైద్యురాలు డాక్టర్ పద్మజ ఆదాయపు పన్ను కేసు నా చేతికి వచ్చింది. అప్పట్లో నాకు పోర్ట్ బ్లెయిర్‌లో, డైరీ ఫార్మ్ అనే పేటలో, ఒక టైర్ల కొట్టు పైన, ఒంటిగది ఆఫీసు ఉండేది. నేను పన్నుల ప్రాక్టీషనర్‌ని, అంటే కక్షిదారు తరఫున పన్ను అధికారి ముందు హాజరయ్యే అధికారపత్రం ఉన్నవాణ్ణి. వాదించడం నా వృత్తి. ఈ ఒక్క కేసులో వాదించడానికి ఏమీ మిగలకుండా పోయింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పద్మజ ఇక్కడే, అండమాన్‌లో, పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. తుష్నాబాద్‌లో సొంత క్లినిక్ పెట్టుకుంది. ఆమె పని సగం క్లినిక్‌లో, సగం నీళ్ళ మీద. క్రీక్, అంటే సముద్రపు పాయ, అవతల రోడ్డు లేని ఊళ్ళలో ఆవులు, మేకలు, కోళ్ళు ఉన్నాయి. టీకా మందులు మంచుపెట్టెలో సర్దుకుని, డోంగీలో, అంటే ఇంజను బిగించిన చిన్న పడవలో, వెళ్ళేది. డోంగీలు నడిపేది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన జాలరి కుటుంబాలు. ఆ పడవ కిరాయే కేసంతా.

సొంతంగా ప్రాక్టీసు చేసుకునే వైద్యులకు చట్టం ఒక సుళువైన దారి ఇచ్చింది. వచ్చిన రాబడిలో సగం లాభమని ఒప్పుకుంటే ఖర్చుల లెక్క ఎవరూ అడగరు. ఊళ్ళో కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసుకునే డాక్టరుకు అది బాగానే ఉంటుంది. పద్మజకు కిరాయి, టీకాలు, మంచు, ఓడ ఆలస్యమై పాడైన మందులు కలిపితే ఖర్చే సగం దాటేది. అందుకని ఆమె పుస్తకాలు రాసి, ఆడిట్ చేయించి, అసలు ఖర్చు చూపింది. రిటర్ను స్క్రూటినీకి, అంటే లోతైన తనిఖీకి, ఎంపికైంది.

నోటీసులో ఒకటే ప్రశ్న. వృత్తి ఖర్చు కింద ఒక మనిషికి ఒకే రోజున పదివేలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చు చెల్లదు. మీరు ఏడాది పడవ కిరాయంతా ఒకే రోజున, ఒకే మనిషికి, నగదుగా ఇచ్చారు. ఎందుకు కొట్టివేయకూడదో చెప్పండి.

ఎందుకిచ్చిందంటే, ఆ జాలర్ల ఆనవాయితీ అది. ప్రాణం కాపాడటానికి వెళ్ళే మనిషిని పడవెక్కించుకుని ఆ రోజే చేతిలో కిరాయి తీసుకుంటే వలకు మంచిది కాదని వాళ్ళ నమ్మకం. పశువు ప్రాణమైనా ప్రాణమే. ట్రిప్పులన్నీ గుర్తుపెట్టుకుంటారు. ఏడాదికోసారి గంగమ్మ పండగ మర్నాడు డాక్టరమ్మ వెళ్ళి మొత్తం సొమ్ము అమ్మవారి ముందు పళ్ళెంలో పెడుతుంది. కులపెద్ద నూకయ్య దాన్ని ఎత్తి, ఎవరి పడవ ఎన్నిసార్లు వెళ్ళిందో చూసి పంచుతాడు. ట్రిప్పు ట్రిప్పుకీ విడిగా ఇచ్చి ఉంటే ఏ ఒక్కటీ పరిమితి దాటేది కాదు, ఖర్చంతా చెల్లేది. మర్యాద పాటించినందుకు చెల్లకుండా పోయింది.

కిరాయి కొట్టేస్తే లేని లాభం మీద పన్ను, దాని మీద వడ్డీ, పెనాల్టీ. పాత సంవత్సరాలు కూడా ఇలాగే ఉన్నాయి కాబట్టి వాటినీ తెరుస్తారు. క్లినిక్ మీద టీకాల ఫ్రిజ్ కోసం తీసుకున్న బ్యాంకు అప్పు ఉంది. ఇది పోతే క్లినిక్ మూసేయాల్సిందేనని ఆమె మొదటి రోజే నాతో చెప్పింది.

నిబంధనల్లో మినహాయింపులున్నాయి. బ్యాంకు సేవలు లేని ఊళ్ళో ఇచ్చిన నగదు చెల్లుతుంది. కానీ ఈ చెల్లింపులకు కొన్నేళ్ళ ముందే జాలర్ల ఊరి కిరాణా కొట్టులో బ్యాంకువాళ్ళ వేలిముద్ర మిషను పెట్టారు. నెట్‌వర్క్ ఉన్నప్పుడు పనిచేసేది, అంటే దాదాపు ఎప్పుడూ పనిచేసేది కాదు. కాగితం మీద మాత్రం ఆ ఊరికి బ్యాంకు ఉంది. ఆ దారి మూసుకుపోయింది.

ఇంకొకటి మిగిలింది. మన తరఫున ఇతరులకు నగదు పంచాల్సిన ఏజెంటుకు ఇచ్చిన సొమ్ముకు పరిమితి లేదు. నూకయ్య డాక్టరమ్మ మనిషిగా డబ్బు తీసుకుని, ఆమె తరఫున పడవలవాళ్ళకు ఇచ్చానని అఫిడవిట్ రాస్తే కేసు గట్టెక్కే అవకాశం ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. నేనే ఆ ఊరు వెళ్ళాను.

నూకయ్య వల బాగుచేసుకుంటూ అంతా విన్నాడు. టీ తెప్పించాడు. చదివి వినిపించమంటే అఫిడవిట్ చదివాను.

"సాబ్, గంగమ్మ ముందర పెట్టీసినాక ఆ డబ్బు ఊరిదైపోద్ది. డాక్టర్ దీదీది గాదు," అన్నాడు. "నాను పంచింది పెద్దరికం మీద. ఆమె నౌకరునని ఎలా రాసిస్తాను? అబద్దం గదా."

అబద్ధమే. తెలిసి కూడా ఇంకా నచ్చజెప్పబోయాను. ఆఖరి ప్రయత్నంగా, అతన్ని నువ్వే అడుగు అని పద్మజతో అన్నాను, ఆమె మాట అతను తీసెయ్యలేడు. ఆమె ఒప్పుకోలేదు.

"వద్దు అంకుల్. నేనడిగితే ఆయన వేలిముద్ర వేసేస్తారు. నాకు టాక్స్ తగ్గుద్ది, ఆయనకి ఊళ్ళో ఇజ్జత్ పోద్ది. ఆ తర్వాత ఏ మొహంతో డోంగీ ఎక్కాలి?"

విచారణ వీడియోలో జరిగింది. ఇప్పుడు కేసులు చూసే అధికారి ఎక్కడ కూర్చున్నాడో మనకు తెలియదు, పేరు కూడా తెలియదు. కనెక్షను మూడుసార్లు తెగింది. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. పడవ నిజంగా వెళ్ళలేదని తాను అనడం లేదనీ, టీకాలు వేయలేదని కూడా అనడం లేదనీ చెప్పాడు. చెల్లింపు ఒకే రోజున, ఒకే వ్యక్తికి, నగదుగా జరిగిందా లేదా అన్నదే తన ప్రశ్న అన్నాడు. జరిగిందన్నాను. క్రీకు గురించీ గంగమ్మ గురించీ చెప్పడం మొదలుపెడితే, లిఖితపూర్వకంగా ఇవ్వమన్నాడు. ఇచ్చాను. ఉత్తర్వులో దానికి ఒక పేరా కేటాయించి, సానుభూతి చట్టానికి ప్రత్యామ్నాయం కాదని ముగించాడు. ఆయన స్థానంలో నేనున్నా వేరే రాయగలిగేవాణ్ణి కాదు. అదే నన్ను ఎక్కువ కుంగదీసింది.

అప్పీలు వేశాం. వసూలు ఆపించాలంటే డిమాండులో ఐదో వంతు ముందు కట్టాలి. దానికోసం ఆమె ఫ్రిజ్ అమ్మేసింది. ఫ్రిజ్ లేకపోతే టీకాలు లేవు, టీకాలు లేకపోతే క్రీక్ అవతలికి వెళ్ళి చేసేదేమీ లేదు. కొన్నాళ్ళు ఈడ్చింది. తర్వాత సముద్రం అవతల, గోదావరి జిల్లాలో ఒక కోళ్ళ కంపెనీలో జీతానికి చేరింది. జీతగాళ్ళకు ఖర్చులు నిరూపించుకునే బాధ లేదు.

ఆమె వెళ్ళిన కొద్ది వారాలకు నూకయ్య నా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఊరంతా కూకుని తేల్చేసినాం, సాబ్. ఇకనుంచి ట్రిప్పు ట్రిప్పుకీ సేతిలోనే తీసుకుంటాం. గంగమ్మకి సెప్పుకున్నాం. దీదీని రమ్మని ఫోన్ సెయ్యండి."

తరతరాల కట్టు తెంచుకుని వచ్చాడా మనిషి. ఆమె వెళ్ళిపోయిందని చెప్పాను. అతనికి అప్పటికే తెలుసు. తిరిగి వస్తుందేమోనని అడగడానికి వచ్చాడు. అతని ముందే ఫోను చేశాను. పద్మజ అంతా విని, క్లినిక్ గదిలో ఇప్పుడు మొబైల్ రిపేరు షాపు నడుస్తోందని మాత్రం చెప్పింది. తర్వాత ఫోను నూకయ్యకిచ్చాను. ఆవులకు గాలికుంటు వచ్చిందనీ, రెండు పోయాయనీ చెప్పి, ఏ మందు పెట్టాలని అడిగాడు. ఆమె చెప్పినది నన్ను కాగితం మీద రాయమన్నాడు. అది జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఖర్చు నిజమని నిరూపిస్తే చాలునని వృత్తిలో చాలా ఏళ్ళు అనుకున్నాను. చాలదు. ఇచ్చిన తీరు చట్టానికి తెలిసిన తీరై ఉండాలి. లేకపోతే నిజం ఎంతున్నా లెక్కలోకి రాదు. ఆ తర్వాత ఏ డాక్టరు వచ్చినా, ఎంత ఖర్చైందని కాక, ఎలా ఇచ్చారని ముందు అడిగేవాణ్ణి. అప్పీలు ఇంకా తేలలేదు. రేపు గెలిచినా ఆ ఊళ్ళకు డాక్టరు లేరు.