తీసుకెళ్ళిపో మామ్మా అన్నాను

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఆసుపత్రిలో నర్సుగా ఎన్నో శవాలకు నా చేతులతోనే దుప్పటి కప్పాను. ఒక్కటీ లేచి కూర్చోలేదు. పైగా మాది చర్చికి వెళ్ళే కుటుంబం. తాయెత్తులు, దిష్టి అంటే మా ఆయన శామ్యూల్ మండిపడతారు. ఇదంతా ముందే చెప్పుకోవడం ఎందుకంటే, మిగతాది విని మీరు నన్ను వెర్రిదాన్ని అనుకోకూడదని.

ఎనభైల మొదట్లో మాట. చికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉండేవాళ్ళం. గుంటూరులో మా చెల్లెలి పెళ్ళి చూసుకుని తిరిగొస్తూ, థాయిలాండ్‌లోని పట్టాయాలో వారం రోజులు ఆగాం. మేం ముగ్గురం హాయిగా తిరిగిన మొదటి సెలవులవి. పొద్దున్నే పడవెక్కి దీవికి వెళ్ళడం, మధ్యాహ్నం చేపల కూరతో అన్నం, సాయంత్రం ఇసుకలో కూర్చుని కొబ్బరి నీళ్ళు. కొండ మీది పెద్ద బుద్ధుణ్ణి కూడా చూశాం. మా రూతుకి అప్పుడు ఐదేళ్ళు. నీళ్ళలోంచి బయటికి రమ్మంటే చాలు, ఏడుపు.

మేం దిగిన గెస్ట్‌హౌస్ ముందు, స్తంభం మీద బొమ్మరిల్లంత చెక్క గుడి ఉండేది. ఆ స్థలాన్ని కాచే ఆత్మ అందులో ఉంటుందని వాళ్ళ నమ్మకం. దాని పక్కనే ఒక ముసలావిడ పీట మీద కూర్చుని మల్లెలు గుచ్చేది. ఆమె మనిషే. మా ఆయన రోజూ ఆమె దగ్గర నాకు దండ కొన్నారు. ఆమె జామకాయ కోసిస్తే ముగ్గురం తిన్నాం.

చివరి రోజు కార్ ఎక్కబోతుంటే రూతు రానని మారాం చేసింది. ముసలావిడ రూతుని చూపించి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. నాకిస్తావా అని. మన ఇళ్ళల్లో ఏ ఆంటీ అయినా మీ పిల్లని తీసుకెళ్ళిపోతాను అంటే మనం ఏమంటాం? నేనూ అదే అన్నాను, నవ్వుతూ, తెలుగులోనే.

"తీసుకెళ్ళిపో మామ్మా. దీని అల్లరి పడలేకపోతున్నాను."

ఆవిడ నవ్వలేదు. తలూపి, రూతు కుడి మణికట్టుకి తెల్లదారం కట్టి మూడు ముళ్ళు వేసింది. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళే దారిలో మా ఆయన ఆ దారం తెంపి కిటికీలోంచి పారేశారు.

ఇంటికొచ్చాక నెల రోజులు అంతా బాగానే ఉంది. నవంబర్‌లో రూతు తిండి మానేసింది. సన్నటి జ్వరం. టెస్టులన్నీ నార్మల్. నర్సుని కాబట్టి రిపోర్టులు నేనూ చదివాను. రోజూ మధ్యాహ్నం మూడు కాగానే బూట్లు వేసుకుని, తన చిన్న సూట్‌కేస్ పట్టుకుని, వీధి తలుపు దగ్గర కూర్చునేది.

"ఎక్కడికే?" అన్నాను ఒకరోజు.

"మామ్మ వెయిట్ చేస్తుంది మమ్మీ. నువ్వు ఓకే అన్నావ్ కదా."

మా ఆయనతో చెబితే, "పిల్లకి బీచ్ మీద బెంగ. నువ్వు లేనిపోనివి ఎక్కించకు" అన్నారు. చర్చిలో అందరిచేత ప్రార్థన చేయించారు. రూతు ఇంకా చిక్కిపోయింది. పిల్ల నాకు దక్కదేమోనని భయం పట్టుకుంది.

మరుసటి వారం మంచు పడింది. మూడింటికి వంటింట్లో ఉండగా మల్లెల వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే వీధి తలుపు తీసి ఉంది. రూతు కోటు కూడా లేకుండా మంచులో నడిచిపోతోంది. పెద్దవాళ్ళ వేలు పట్టుకున్న పిల్లలకు ఉంటుందే, అలా కుడిచెయ్యి పైకెత్తి ఉంది. పక్కన ఎవరూ లేరు.

చెప్పుల్లేకుండా పరిగెత్తి, ఎడమచెయ్యి పట్టుకుని లాగాను. అవతలి నుంచి కూడా లాగారు. ఎవరు నమ్మినా నమ్మకపోయినా, అది ఐదేళ్ళ పిల్ల బలం కాదు. నాకు ఒక్క ప్రార్థన కూడా గుర్తు రాలేదు.

"సరదాకన్నాను మామ్మా. తప్పు నాదే. నా బిడ్డని నేనివ్వను" అని ఏడ్చాను.

చాలాసేపటికి ఆ పట్టు వదిలింది. ఇద్దరం మంచులో పడ్డాం. రూతు కుడి మణికట్టుకి తెల్లదారం ఉంది, మూడు ముళ్ళతో. మంచులో ఉన్న అడుగులు మాత్రం మా ఇద్దరివే.

సాయంత్రానికి జ్వరం దిగి, రూతు అన్నం అడిగింది. ఆ దారం నేనే కట్టానేమోనని మా ఆయన చాలా రోజులు నన్ను అనుమానంగా చూశారు. అదెలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మొన్న ఆదివారం చర్చిలో భోజనాల దగ్గర, ఒకావిడ మా మనవరాలిని ఎత్తుకుని, "దీన్ని మా ఇంటికి తీసుకెళ్ళిపోతున్నా రూతూ" అంది. రూతు నవ్వుతూ ఏదో అనబోయింది. నేను గబుక్కున లేచి రూతు నోరు మూశాను. అందరూ తినడం ఆపి చూశారు.

రూతుకి ఆ ఊరు గానీ, ఆ మంచు గానీ ఏమీ గుర్తు లేవు. ఎన్నిసార్లు అడిగినా అదే చెబుతుంది. కానీ నా చెయ్యి తన నోటి మీద పడగానే, ఎడమ చేత్తో తన కుడి మణికట్టుని గట్టిగా పట్టుకుంది. తర్వాత మెల్లగా ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"సారీ ఆంటీ, ఇవ్వను" అని పిల్లని తీసేసుకుంది.