నాటకశాల వైపు తలుపు

మా హోటల్ వంటగదికి రెండు తలుపులుండేవి. ఒకటి బల్లలు వేసిన ముందు గదిలోకి, రెండోది వెనకనున్న పాత నాటకశాలలోకి. శాల పాడుపడి ఉన్నన్నాళ్ళూ ఆ రెండో తలుపు తీసే ఉండేది. పిండి రుబ్బి అలిసిపోతే వెళ్ళి స్టేజీ అంచున కూర్చునేదాన్ని. కప్పు సగం ఊడిపోయి పైన ఆకాశం కనిపించేది. కలిదిండి వైపు చెరువు గట్ల మీద పెరిగినదాన్ని. ఏలూరులో గోడ అడ్డం లేని చోటు నాకు అదొక్కటే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఊరి పెద్దలు కొందరు చేరి శాలను బాగుచేయించారు. కొత్త కప్పు వేసి, కుర్చీలు వేయించి, ఎర్రతెర కట్టారు. శనివారం శనివారం నాటకాలు మొదలయ్యాయి. దాంతో చచ్చిపడి ఉన్న మా వీధి లేచి కూర్చుంది. మూతపడ్డ కొట్లు తెరిచారు. ఒకాయన కాఫీ గింజలు మర పట్టే కొట్టు పెట్టాడు. మా పక్క గదిలో ఒకావిడ జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. మా పెసరట్టు కోసం జనం నిలబడేవారు. “మీ దశ తిరిగిందండీ” అనేవారంతా. నిజమే. దశ తిరిగినకొద్దీ నేను పొయ్యి దగ్గర నుంచి కదిలింది లేదు.

పొగ శాలలోకి పోతోందని ఆ తలుపు మూయించారు. మా వైపు తెల్లరంగుతో ఏవో అక్షరాలు రాయించారు. నాకు చదువు రాదు. నాటకాలవాళ్ళు రాయించారు కదా, దేవుడి మాటే అనుకున్నాను. కాగితానికి కాలు తగిలినా కళ్ళకద్దుకోవాలని మా అమ్మ నేర్పింది. అందుకే శుక్రవారం గడపకు పసుపు రాసినప్పుడు ఆ అక్షరాలకూ బొట్లు పెట్టేదాన్ని. ఒక్క నాటకం కుర్చీలో కూర్చుని చూసే రాత ఇవ్వమని దణ్ణం పెట్టుకునేదాన్ని.

శనివారాలు తలుపు వెనక హార్మోనియం మోగేది. పద్యం పైకి లేచేది. అది బాగుంటే జనం “వన్స్ మోర్” అని అరిచేవారు. ఆ సందడిలోనే ముందు గదిలోంచి మా ఆయన కేక: “ఉల్లి రెండు, ఉప్మా ఒకటి!”

“మీరు ఒక్కసారైనా నాటకం చూడరా అండీ?” అని అడిగింది జాకెట్లావిడ.

“పొయ్యి ఎవరు చూస్తారండీ?”

“అయితే అక్షరాలైనా చూడండి” అని మధ్యాహ్నాలు తన కత్తిరింపు బల్ల మీద సుద్దతో రాసి నేర్పింది. నాకప్పటికి నలభై దాటాయి. “సున్న చుట్టమంటే అట్టు తిప్పినట్టు తిప్పుతారేమండీ!” అని నవ్వేది.

ఒక శుక్రవారం వేలికి కుంకుమ అద్దుకుని తలుపు ముందు నిలబడితే అక్షరాలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. “ఇది దారి కాదు” అని ఉంది.

మా ఆయన్ని పిలిచాను. “ఇక్కడేం రాసుందో మీకు తెలుసు కదండీ?”

“తెలుసు. చేతులు కడుక్కునే వంకతో వచ్చి, టికెట్ లేకుండా అటు దూరేవాళ్ళ కోసం రాశారు.”

“మరి నేను బొట్లు పెడుతుంటే చెప్పలేదేం?”

“చెప్తే ఏం చేసేదానివి? తాలింపు మాడుతోంది చూడు.”

మర్నాడు శనివారం. గడియ మా వైపే ఉంది. అన్నాళ్ళూ దాని మీద చెయ్యి వెయ్యాలని నాకు తోచలేదు. హార్మోనియం మొదలవగానే గడియ తీసి, తలుపు జానెడు తెరిచాను. కనిపించింది తెర వెనక వైపు. పైన ఆకాశం లేదు. అట్టకిరీటం పెట్టుకున్న రాజు వేషగాడు తన వంతు కోసం నిలబడి, చెమట తుడుచుకుంటున్నాడు. నన్ను చూడగానే అతని ముఖం విప్పారింది.

“టీ తెచ్చారా అమ్మా?”

“తెస్తానండీ” అన్నాను. నా నోటికి అదే వచ్చింది.

తెచ్చి ఇచ్చాను. రెండు గుక్కల్లో తాగి, గ్లాసు నా చేతిలో పెట్టి స్టేజీ మీదికి వెళ్ళాడు. ముందు గదిలోంచి కేక వినిపించి నేను తలుపు వేసేశాను. పద్యం అయ్యాక జనం “వన్స్ మోర్” అని అరిచారు. రెండోసారి కూడా అట్టు తిప్పుతూనే విన్నాను.