పసుపంటిన నిజాం నోటు

"ఏమేవ్, ఆ ఫ్యాను ఆపు. నోట్లు ఎగిరిపోతున్నాయి."

"ఎగరనివ్వండి. బజార్లో బెండకాయ కూడా రాని నోట్లకి ఎంత గారాబమో!"

మా ఆయనా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలు ఇవే. ఫ్యాను ఆపి, కొవ్వూరు బజారుకు కూరల కోసం వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆయన బల్ల మీద తల వాల్చి ఉన్నారు. చెమటలో నిద్రపోయారు పాపం అనుకుని ఫ్యాను వేశాను. నోట్లు గదంతా ఎగిరాయి. ఆయన లేవలేదు.

అవి నిజాం నోట్లు. ఆ రాజ్యం పోయాక కొన్నాళ్లకు చెల్లకుండా పోయిన కాగితాలు. ఖమ్మం వైపు చుట్టాల ట్రంకుపెట్టెల్లోంచి, రాజమండ్రి పాతసామాన్ల కొట్లలోంచి ఏరి తెచ్చేవారు. చేతులు తుడుచుకుని, పూతరేకును పట్టుకున్నట్టు అంచులు పట్టుకునేవారు. ఉర్దూ రాతల మధ్య తెలుగు అక్షరాలు చూపించి నాచేత చదివించేవారు. నాకొచ్చిన కాస్త చదువూ అదే.

ఒక శ్రావణ శుక్రవారం అమ్మవారి ముందు డబ్బు పెట్టాలి కదా అని, ఆయన దాచిన నోట్లలోంచి ఒకటి తీసి పసుపు రాసి పెట్టాను. చూసి నెత్తి పట్టుకున్నారు.

"దీన్నిక ఎవడూ ముట్టుకోడే!"

"లక్ష్మీదేవి ముట్టుకుందిగా, చాలదేంటండీ?"

నవ్వేశారు. దాన్ని వేరే కవర్లో దాచారు.

ఆయన పోయాక వానలొచ్చాయి. గోదారి తేమకు నోట్లు మెత్తబడుతున్నాయి. ఆరబెట్టడం నాకు చేతకాదు. ఆయనతో నోట్లు మార్చుకునే రాజమండ్రి స్నేహితుడికి కబురు పెట్టాను. ఆ పసుపు నోటొక్కటీ నాకుంచమని అడుగుదామనుకున్నాను. వచ్చిన ఆ స్నేహితుడు, నేను నోరు తెరవకముందే అన్నారు.

"మొత్తం ఇస్తేనే తీసుకెళ్తాను చెల్లెమ్మా. విడగొడితే ఆయన పడ్డ కష్టం చెదిరిపోద్దండి."

ఆ మాటా నిజమే. అడగలేకపోయాను. ఒక్కో కవరూ తెరిచి, వెలుతురుకు పెట్టి చూస్తున్నారు. పసుపు నోటు దగ్గర ఆగారు.

"అయ్యో, మరకేంటండీ ఇది? పనికిరాదు" అని పక్కకు తోశారు.

అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

మిగతావన్నీ గోదారి బ్రిడ్జి దాటి రాజమండ్రి వెళ్లిపోయాయి. బల్ల ఖాళీ. ఇప్పుడు ఫ్యాను ఎంతసేపు తిరిగినా వద్దనేవాళ్లు లేరు.

నేను చెబుతుంటే రాస్తున్నది మా ఆడపడుచు కూతురు. ఏమ్మా, అంతా రాశావా? నోటు నీ ముందే ఉంది, చెమట చేత్తో ముట్టుకోకు. ఆ ఫ్యాను ఆపి, మొదట్నుంచీ చదివి వినిపించు.