ట్రక్కు మీద నాన్న పేరు

ఐలీ కోస్కెలాకు కోపం వస్తే అరవదు. ఆ సంగతి తెలియకే ఆమె చెల్లెలి మొగుడు డేల్ చెడిపోయాడు.

మిషిగన్ రాష్ట్రంలో, సుపీరియర్ సరస్సు ఒడ్డున మా ఊళ్ళో బోరు వేయించుకోవాలంటే ఒకటే పేరు, కోస్కెలా. ఐలీ తండ్రి టోయివో సంపాదించిన పేరది. ఐలీ చిన్నప్పటినుంచీ ఆయన పక్కనే, బురదలోనూ మంచులోనూ బోరు యంత్రం మీద పెరిగింది. పెళ్ళి మాటెత్తితే, "మొగుడికంటే ఈ యంత్రమే నయం, గోల చేస్తే ఆపెయ్యొచ్చు" అనేది. రోజూ నా తిండి కొట్టుకొచ్చి, మాంసం కూరి కజ్జికాయలా మడిచి కాల్చిన పాస్టీ మీద టమాటా సాసు పోసుకుని కిటికీ దగ్గర కూర్చునేది.

టోయివో ఉన్నన్నాళ్ళూ వ్యాపారం నోటిమాట మీదే నడిచింది. ఆయన పోయాక పంపకాల్లో ఇల్లు ఐలీకి, బోరు యంత్రంతో సహా ట్రక్కులు చెల్లెలికి వచ్చాయి. డేల్ పూనుకుని, ఎల్‌ఎల్‌సీ పెడదామన్నాడు. వ్యాపారం మునిగినా కొంప మునగకుండా కాచే కంపెనీ అది. మంచి ఆలోచనే. ఏ రాష్ట్రంలో పెట్టాలన్న దగ్గరే పేచీ వచ్చింది, అదీ నా కొట్లోనే.

"పని చేసేది మిషిగన్‌లో. ఇక్కడే పెడదాం" అంది ఐలీ.

"నీకు తెలీదులే. తెలివైనోళ్ళంతా వ్యోమింగ్‌లో పెడతారు. పన్నుండదు, ఎవరిదో బయటపడదు. నేను వీడియోలు చూశా."

"వ్యోమింగ్‌లో బోర్లెవరికేస్తావ్, అడవిదున్నలకా?"

కొట్టంతా గొల్లుమంది. ఆ నవ్వు డేల్‌కి గుచ్చుకుంది. చెప్పాపెట్టకుండా వ్యోమింగ్‌లో 'కోస్కెలా బోర్‌వెల్స్' అని తన ఒక్కడి పేరనే కంపెనీ పెట్టేశాడు. మొదటి మంచు పడ్డ రోజు మా కొట్లోనే, అందరి ముందూ అన్నాడు.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు ఐలీ. జనం కోస్కెలా అన్న పేరు చూసి పిలుస్తారు. మనిషెవరైతే ఏం?"

అలా అన్నప్పుడు వాడి నోట్లో నేను చేసిన పాస్టీ ఉంది. పెట్టినందుకు నా చేతుల మీద నాకే అసహ్యం వేసింది. ఐలీ మాత్రం కంచం ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, వాడు వెళ్ళాక నన్నడిగింది.

"కంపెనీని ఇక్కడ కూడా నమోదు చేయించాడా?"

"లేదు. రెండుచోట్ల ఫీజు దండగన్నాడు."

ఐలీ నవ్వింది. వ్యోమింగ్‌లో తీసుకున్న పేరుకి మిషిగన్‌లో కాపలా ఉండదు. ఇక్కడ ఆ పేరు ఖాళీగానే పడి ఉంది. ఆ వారమే అదే పేరుతో తన సొంత కంపెనీ ఇక్కడ పెట్టేసింది. నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"వాడి మొహం మీదే చెప్పెయ్యరాదూ?" అన్నాను.

"ఇప్పుడు చెబితే చలికాలమంతా కూర్చుని ఇంకో పేరు వెతుక్కుంటాడు. మంచు కరగనీ. పేరుకి బాగా అలవాటు పడనీ."

మంచు కరిగేటప్పుడు మా రోడ్లు మెత్తబడతాయి, బరువు బళ్ళను తిరగనివ్వరు. ఆ ఖాళీలో డేల్ ట్రక్కులకు రంగులేయించి, ఈ కొస నుంచి ఆ కొసదాకా ఎర్రటి అక్షరాలతో కోస్కెలా అని రాయించాడు. సరస్సు దగ్గర జనం గుడారాలేసుకునే విడిది మైదానానికి బోర్లు వేసే పని, ఊరి పాలన చూసే టౌన్‌షిప్ నుంచి ఒప్పుకున్నాడు. తీరా సంతకాల వేళ, ఈ రాష్ట్రంలో నమోదు చూపించమన్నారు. చేయించుకోబోతే, ఆ పేరుతో ఇక్కడ ఇంకో కంపెనీ ఉంది, వేరే పేరు పెట్టుకోమన్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమని ఊరికే అన్నారా!

పాలిపోయిన మొహంతో మా కొట్టుకొచ్చాడు.

"ఆ పేరు నువ్వు తీసుకున్నావా?"

"మా నాన్న పేరు నేను తీసుకోవడమేంటి?"

"తప్పయిపోయింది ఐలీ. ఇద్దరం కలిసి చేద్దాం. సగం సగం."

"జనం పేరు చూసి పిలుస్తారు డేల్. మనిషెవరైతే ఏం?"

టౌన్‌షిప్ పని ఐలీకి వచ్చింది, అద్దె యంత్రం తెచ్చుకుంది. డేల్ 'లేక్‌సైడ్' అనో ఏదో పెట్టుకున్నాడు. కానీ ట్రక్కుల మీద పేరు చెరిపే పని పెయింటరుకి ఇవ్వడానికి వీల్లేదంది ఐలీ. నీ చేత్తోనే, ఈ కొట్టు ముందే చెరపాలి, లేదంటే కోర్టుకి రా అంది.

వచ్చాడు. ఎండలో రేకుముక్క పట్టుకుని ఆ ఎర్రటి అక్షరాలు గీకుతుంటే ఊరంతా చూసింది. నాకు జాలి కలగలేదు, అబద్ధమెందుకు. కిటికీ దగ్గర ఐలీ పాస్టీ మీద సాసు పోసుకుని, అద్దం పైకెత్తింది.

"గట్టిగా గీకు డేల్. మా నాన్న పేరు అంత తేలిగ్గా పోదు."